చిన్న విమానమునకు తగిన ప్రొపెల్లరు

విద్యార్థులారా! మన హోసూరు ప్రాంతమువారికి చిన్న విమానములు వింత కావు. బెలగొండపల్లి చెంత విమానక్షేత్రము కలదు. బడి విడిచిన వేళ ఆకసమున మ్రోత వినవచ్చినంతనే మీలో సగముమంది తలలెత్తి నిలిచిపోవుటను మేము పలుమారులు చూచియున్నాము. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు రూపొందించిన 'హంస' యను రెండు ఆసనముల విమానములలో కొన్ని హోసూరు కర్మాగారముననే తయారైనవి. పాలను నీళ్లను వేరుచేయు పక్షిగా పద్యములలో మనమెరిగిన పేరును విమానమునకు పెట్టుట తెలుగు పాఠము చెప్పుకొను మాకు ముచ్చటగా తోచును. అయితే నేటి పాఠము హంసను గూర్చినది కాదు. తమ ఇంటి కొట్టములో తామే విమానమును కట్టుకొనువారు దానికి ప్రొపెల్లరు నెట్లు ఎన్నుకొందురో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క పని.

దీనిని వ్రాయుటకు కారణము మా పొరపాటే. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు రెండు చిత్రములు తెచ్చి, "అయ్యా, ఈ రెండు విమానములకును ఇంజను బలము రమారమి సమానమే. ఒకదాని ప్రొపెల్లరు ఆరడుగులకు మించియున్నది. రెండవదానిది నాలుగున్నర అడుగులే. ఏది మంచిది?" అని అడిగెను. మాకు తెలిసినది వ్యాకరణము. అయినను ఉత్తరము చెప్పక ఊరకుండుట చిన్నతనముగా తోచి, "పెద్దదియే మంచిది నాయనా! పెద్దచేట ఎక్కువ ధాన్యమును చెరుగును గదా" అని చెప్పివేసితిమి. ఇంటికి పోయిన పిదప ఆ మాట మమ్ము బాధింపసాగెను. పుస్తకములు తెప్పించి చదివితిమి. ఇంజను పని తెలిసినవారిని అడిగితిమి. మా ఉత్తరము సగము సత్యము, సగము ప్రమాదకరము అని తేలినది. ఆ విద్యార్థి నిజముగా విమానము కట్టుచున్నవాడే అయి, మా మాట నమ్మి పెద్దదానిని బిగించుకొనియుండినచో, అతని విమానము పొలము చివరి చెట్లను దాటలేకపోయెడిది.

ఇంట విమానము కట్టుట కథలలోని మాట కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమునందలి చెర్రీగ్రోవ్ అను పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పాల్ అనునాతడు 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజనును బిగించి చెక్కతోను గుడ్డతోను చేసిన విమానమును ఎగురవేసెను. దాని నమూనాపటములు 1932లో ఒక పత్రికవారి ప్రత్యేకసంపుటమున అచ్చయినవి. నేటికిని ఆ పటములను చూచి విమానము కట్టువారు కలరు. ఇట్టివారందరికొరకు 1953లో విస్కాన్సిన్ రాష్ట్రమున పాల్ పోబెరెజ్నీ యొక సంఘమును స్థాపించెను. ఆ దేశపు నిబంధన ప్రకారము విమానము పనిలో సగమునకు మించిన భాగమును కట్టుకొనువారే చేసియుండవలెను. మన దేశమునను ముంబయిలో అమోల్ యాదవ్ అను పైలట్ తమ ఇంటి డాబాపై విమానమును కట్టగా, 2017లో ప్రభుత్వమువారు దానిని నమోదు చేసిరి.

మా విద్యార్థి తెచ్చిన చిత్రములలో మొదటిది పీటెన్‌పాల్ విమానమే. రెండవది వోక్స్‌వాగన్ కారు ఇంజనుతో నడచు వేరొక చిన్న విమానము. ఈ రెండింటినే ఉదాహరణముగా గైకొందము.

ముందుగా ప్రొపెల్లరు చేయు పనియేమో తెలిసికొనవలెను. అది గాలిని పట్టి వెనుకకు త్రోయును. గాలి దానిని ముందుకు త్రోయును. న్యూటన్ మూడవ సూత్రమును మీరు విజ్ఞానశాస్త్రపు తరగతిలో చదివియే యుందురు. ఇందులో ఒక మెలిక కలదు. సెకనుకు 10 కిలోగ్రాముల గాలిని 20 మీటర్ల వేగముతో త్రోసినను, 20 కిలోగ్రాముల గాలిని 10 మీటర్ల వేగముతో త్రోసినను కలుగు నెట్టుబలము ఒక్కటే. గుణించిన రెండును 200 అగును. ఖర్చగు శక్తి మాత్రము ఒక్కటి కాదు. వేగముయొక్క వర్గమును ద్రవ్యరాశిచే గుణించి సగము చేయుడు. మొదటిదానికి 2,000, రెండవదానికి 1,000 వచ్చును. ఎక్కువ గాలిని మెల్లగా త్రోయుట సగము ఖర్చుతో ముగిసినది! తరగతిగది కప్పునకు వ్రేలాడు పెద్దపంకా మెల్లగా తిరుగుచునే గదినంతటిని చల్లబరచుటకును, బల్లపైని చిన్నపంకా రొదచేయుచు ఒక్కరికే గాలి విసరుటకును కారణమిదియే. కావున "పెద్దదియే మంచిది" అన్న మా మాటలో ఇంతవరకు సత్యము కలదు.

ఇక తప్పు ఎచ్చటనున్నది? ప్రొపెల్లరు కొలతలు రెండు. ఒకటి వ్యాసము. మా తరగతిలో ఈ మాట ననగానే పరీక్షలో వ్రాయవలసిన వ్యాసము జ్ఞప్తికి వచ్చి కొందరు భయపడుదురు. ఇది వృత్తమునకు అడ్డుకొలత. రెండవది పిచ్. ఈ మాటకును నవ్వువారు కలరని యెరుగుదుము. మేము శిక్షణ పొందిన ఆంధ్రదేశపు పాఠ్యపుస్తకములలో మరకు సంబంధించి దీనినే భ్రమణాంతరము అనిరి. మరను ఒక్క చుట్టు త్రిప్పినచో అది కొయ్యలోనికి ఎంత దూరము దిగునో అదియే భ్రమణాంతరము. ప్రొపెల్లరును గాలి యను కొయ్యలోనికి దిగు మర వంటిదే. ప్రొపెల్లరుమీద 72–48 అని ముద్రించియున్నచో వ్యాసము 72 అంగుళములనియు, ఒక్క చుట్టునకు అది లెక్కప్రకారము 48 అంగుళములు ముందుకు సాగుననియు అర్థము. 48 అంగుళములనగా 1.22 మీటర్లు. నిమిషమునకు 2,400 చుట్లు, అనగా సెకనుకు 40 చుట్లు తిరిగినచో సెకనుకు 48.8 మీటర్లు, గంటకు దాదాపు 176 కిలోమీటర్లు సాగవలెను. గాలి కొయ్యవలె గట్టిది కాదు గనుక కొంత జారును. అంతేకాక, భ్రమణాంతరమును కొలుచు పద్ధతి అందరికి నొక్కటి కాదు. ఒక తయారీదారుని 48కిని మరియొకని 48కిని పొత్తు కుదరకపోవచ్చును. అంకెను మాత్రమే చూచి కొనువారు మోసపోవుట ఇచ్చటనే.

బ్లేడును చేతబట్టి చూచిన, అది మెలితిరిగియుండుట కనబడును. నడిమి యొద్ద నిటారుగాను, కొన యొద్ద చదునుగాను ఉండును. ఒక్క చుట్టులో కొన పెద్ద వలయమును, నడిమిభాగము చిన్న వలయమును తిరిగివచ్చును. ముందుకు సాగు దూరము మాత్రము రెండింటికి నొక్కటే. కొండకు పోవు దారి దీర్ఘమైనచో వాలు తక్కువయు, పొట్టిదైనచో వాలు ఎక్కువయు అగును గదా! ప్రొపెల్లరు తిరుగుచు సాగు రెక్కయే యని మొదట గట్టిగా పట్టుకొన్నవారు రైట్ సోదరులు. ఓడల ప్రొపెల్లరుల శాస్త్రమును వారు గ్రంథాలయమున వెదకిరి. ఓడలవారు చేసి చూచి దిద్దుకొనుటయే గాని లెక్కించుట ఎరుగరని తెలిసి ఆశ్చర్యపడిరి. అన్నదమ్ములిద్దరును గంటలకొలది వాదించుకొని, తుదకు అన్న తమ్ముని పక్షమును, తమ్ముడు అన్న పక్షమును స్వీకరించి వాదించిన సందర్భములును కలవట! వారు స్ప్రూస్ కొయ్యపలకలను అతికి, చేగొడ్డలితోను రెండు పిడుల చెక్కుడుకత్తితోను చెక్కిరి. ఆ పనిముట్లు మన వడ్రంగుల బాడిసకు చుట్టములే. 1903 డిసెంబరు 17న ఎగిరిన ఆ విమానమునకు ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లరులు రెండు. అవి నిమిషమునకు సుమారు 350 చుట్లు మాత్రమే తిరిగినవి. ఇంజను బలము సుమారు 12 అశ్వశక్తులు. అంత తక్కువ బలముతో విమానము లేచినదనిన, ఆ శక్తిలో నూటికి సుమారు 75 పాళ్లను నెట్టుబలముగా మార్చిన ఆ కొయ్యముక్కలదే సగము ఘనత.

ఇప్పుడు మన రెండు చిత్రములకు వత్తము. ఫోర్డ్ కారు ఇంజను పాతకాలపు బరువైన యంత్రము; విమానములో నిమిషమునకు 1,800 చుట్ల ప్రాంతమున మెల్లగా తిరుగుచునే సుమారు 40 అశ్వశక్తుల వరకు ఇచ్చును. వోక్స్‌వాగన్ ఇంజను చిన్నది, తేలికది. అది తన 50 అశ్వశక్తులను ఇయ్యవలెనన్న 3,400 చుట్ల ప్రాంతమున వడిగా తిరుగవలెను. మొదటిదానికి 76 అంగుళముల ప్రొపెల్లరు, రెండవదానికి 54 అంగుళములది పెట్టుట పరిపాటి. కొన వేగమును కట్టుడు. వ్యాసమును 3.14 చేతను, సెకనుకు తిరుగు చుట్లచేతను గుణించుటయే.

ఫోర్డ్: 1.93 మీటర్లు, సెకనుకు 30 చుట్లు. కొన వేగము సెకనుకు సుమారు 182 మీటర్లు.

వోక్స్‌వాగన్: 1.37 మీటర్లు, సెకనుకు 56.7 చుట్లు. కొన వేగము సుమారు 244 మీటర్లు.

ఇక మా మాట విని ఆ పెద్ద ప్రొపెల్లరును వోక్స్‌వాగన్‌కు బిగించితిమనుకొందము. 1.93ను 3.14 చేతను 56.7 చేతను గుణించిన సుమారు 344 వచ్చును. గాలిలో ధ్వనివేగము 15 డిగ్రీల వేడిమియందు సెకనుకు 340 మీటర్లు. అనగా బ్లేడుకొనలు ధ్వనినే దాటిపోవలెను! అంతకు చాల ముందే గాలి బ్లేడుపై నునుపుగా జారుట మాని దెబ్బతిన్నట్లు చెదరును. రొద మిన్నుముట్టును, శక్తి వ్యర్థమగును. అందుచేత కొయ్య ప్రొపెల్లరు కొనవేగము సెకనుకు 260 మీటర్లను మించకుండ చూచుకొనుట కట్టువారి వాడుక.

నిజమునకు ఆ ఇంజను ఆ పెద్దదానిని అంత వేగముగా త్రిప్పనే లేదు. ఒకే ఆకారముగల ప్రొపెల్లరులలో వ్యాసమును పదవవంతు పెంచినచో, అదే వేగమున త్రిప్పుటకు కావలసిన శక్తి ఒకటిన్నర రెట్లను మించును. 1.1ను ఐదుమారులు వ్రాసి గుణించి చూడుడు. 54 నుండి 76కు పోయినచో భారమెంత పెరుగునో ఊహింపవచ్చును. ఇంజను రొప్పుచు తక్కువ చుట్లతోనే ఆగిపోవును. వడిగా తిరిగినపుడే బలము చూపు ఇంజను మెల్లగా తిరిగినచో తన శక్తిలో పెద్దభాగమును కోల్పోవును. బాలుని చేతికి పెద్దవాని గునపమిచ్చినట్లగును. కాబట్టి మా విద్యార్థి ప్రశ్నకు సరియైన ఉత్తరము: రెండును మంచివే, దాని యింటిలో అది. వానిని తారుమారు చేసినచో రెండును చెడ్డవే.

పెద్ద ప్రొపెల్లరు లాభమును, వడిగల ఇంజను తేలికదనమును రెండింటిని కోరువారు నడుమ గేర్లను పెట్టుదురు. నేడు చిన్న విమానములలో ప్రసిద్ధమైన ఆస్ట్రియా దేశపు రోటాక్స్ 912 ఇంజను 100 అశ్వశక్తుల రకము 5,800 చుట్లు తిరుగును. గేర్లు దానిని 2.43 చేత భాగించి, ప్రొపెల్లరుకు సుమారు 2,387 చుట్లు మాత్రమే అందించును. ఇందుకు ప్రతిఫలముగా కొంత బరువును, కొంత ఖర్చును భరింపవలెను.

వ్యాసము తేలిన తరువాత భ్రమణాంతరము. తలనొప్పి యంతయు ఇందులోనే కలదు. కృష్ణగిరి వైపు కనుమదారిలో బస్సు డ్రైవరు ఎత్తునెక్కునపుడు గేరు తగ్గించుటను మీరు చూచియుందురు. చదునుదారిలో అదే గేరున పోయినచో ఇంజను అరచునే గాని బండి వడి అందుకొనదు. తక్కువ భ్రమణాంతరముగల ప్రొపెల్లరు ఎత్తునెక్కు గేరు వంటిది: ఇంజను సులభముగా చుట్లనందుకొని, విమానము పొట్టి మైదానమునుండి త్వరగా లేచి నిటారుగా ఎక్కును, దూరప్రయాణమున మాత్రము ఇంజను హద్దుమీరి తిరుగకుండ థ్రాటిల్ తగ్గించుకొనవలసి వచ్చును. ఎక్కువ భ్రమణాంతరముగలది చదునుదారి గేరు వంటిది: పైకి చేరిన పిదప వేగముగా, పొదుపుగా పోవును. కాని నేలమీద బయలుదేరునపుడు దాని బ్లేడులు గాలిని మరీ అడ్డముగా కొట్టుటచే గాలి చెదరును, ఇంజను చుట్లనందుకొనదు, విమానము పరుగెత్తి పరుగెత్తి మైదానమంతయు త్రాగివేయును.

బస్సునకు గేర్లు కలవు. స్థిరమైన ప్రొపెల్లరునకు గేరు ఒక్కటే. ఎగురుచుండగనే బ్లేడుల కోణమును మార్చు ప్రొపెల్లరులును కలవు. మన హంసకు అట్టిదే పెట్టిరి. అవి ఖరీదైనవి, బరువైనవి. మరమ్మతుకు నిపుణులు కావలెను. నేలపై నిలిపి, మరలు వదులుచేసి, కోణము దిద్దుకొను రకము మధ్యేమార్గము. మూడు బ్లేడులా, రెండా అని తగవులాడువారును కలరు. వ్యాసమునకు చోటు చాలనపుడు మూడు బ్లేడులు మేలు, అదురును తక్కువ. చోటున్నచో రెండే చాలును.

చోటు అంటిమి గదా, అదియు ప్రాణముతో కూడిన విషయమే. 2017 వరకు అమలులోనున్న అమెరికా దేశపు విమాననిబంధనలలో ముక్కుచక్రముగల చిన్న విమానమునకు ప్రొపెల్లరు కొనకును నేలకును నడుమ కనీసము 7 అంగుళములు, తోకచక్రముగలదానికి 9 అంగుళములు ఉండవలెనని కొలత పెట్టబడియుండెను. ఇంట కట్టువారును ఈ కొలతనే పాటించుట మంచిది. గడ్డినేలపై చక్రము గుంటలో పడినపుడు ఆ అంగుళములే రక్షించును.

కొయ్యా, లోహమా అని యడుగుదురు. కారు ఇంజనులకు కొయ్య ప్రొపెల్లరే మంచిదని మా అభిప్రాయము. ఇంజనులో ప్రతి పేలుడును ఒక దెబ్బ. కొయ్య ఆ దెబ్బలను కొంత మ్రింగుకొనును. లోహము వీణతీగవలె వానికి బదులు పలుకును. ఇంజను దెబ్బల లయయు, బ్లేడు సహజమైన కంపనపు లయయు కలిసినచో లోహము అలసి, చిట్లి, విరుగును. కావున లోహపు ప్రొపెల్లరును ఆ ఇంజనుతో పరీక్షించి సరియన్న జతలోనే వాడవలెను. కొనలు కోసి పొట్టిచేయుట స్వతంత్రించి చేయదగిన పని కాదు. బ్లేడులో ముక్క ఒకటి ఎగిరిపోయినచో తూకము తప్పి ఇంజనే తన పీఠమునుండి ఊడివచ్చు ప్రమాదము కలదు. కొయ్యకును ఒక దోషమున్నది. వానకాలమున మన ఇంటి తలుపులు ఉబ్బి బిగుసుకొనుటయు, ఎండాకాలమున వదులగుటయు మీరెరిగినదే. ప్రొపెల్లరు కొయ్యయు అట్లే చేయును. అందుచే క్రొత్తగా బిగించిన కొలది గంటల పిదపను, ఋతువు మారినపుడును బోల్టుల బిగువును కొలకఱ్ఱవంటి పానాతో సరిచూడవలెను. ఇది చేయని బద్ధకమునకు తగిన శిక్ష ఆకాశమునందే పడును.

ఎన్నుకొనువాడు తయారీదారునికి చెప్పవలసినవి ఇవి: ఇంజను బలమెంత, ఏ చుట్లయొద్ద ఆ బలము నిచ్చును, ఏ వైపునకు తిరుగును, విమానము నిజముగా పోగల వేగమెంత, ఎగురు మైదానము పొడవెంత. ఇందులో "నిజముగా" అను మాటకు బరువు కలదు. తాను కట్టిన విమానము వేగమును ఉన్నదానికన్న ఎక్కువగా చెప్పుకొనుట మనుష్య స్వభావము. ఆ గొప్పను నమ్మి తయారీదారుడు ఎక్కువ భ్రమణాంతరము పెట్టి పంపును. తుదకు ఎత్తునెక్కలేని విమానము చేతికి చిక్కును. అదే విమానమును అదే ఇంజనుతో ముందే ఎగురవేసినవానిని అడుగుట అన్నిటికన్న మేలు.

ప్రొపెల్లరు వచ్చి బిగించిన పిదప పరీక్ష. విమానపు తోకను గట్టి గుంజకు త్రాళ్లతో కట్టి, చక్రములకు దుంగలడ్డుపెట్టి, ఎవరును ప్రొపెల్లరు తిరుగు తలమున నిలువకుండ దూరముగా పంపి, థ్రాటిల్ పూర్తిగా తెరచి చుట్లను లెక్కింతురు. నిలిచియున్నపుడు ఇంజను తన గరిష్ఠపు చుట్లను అందుకొనరాదు. ఎగిరి ముందుకు సాగినకొలది బ్లేడులపై భారము తగ్గి చుట్లు పెరుగును. మరీ తక్కువయైనచో భ్రమణాంతరము ఎక్కువైనదని అర్థము. ఆ విమానమును పొట్టి మైదానమున ఎగురవేయరాదు. చదునుగా ఎగురుచు థ్రాటిల్ పూర్తిగా తెరచినపుడు చుట్లు ఇంజనుకు పెట్టిన హద్దు చెంతకు వచ్చి, దానిని దాటక నిలిచినచో జత కుదిరినట్లే. హద్దును దాటిపోయినచో భ్రమణాంతరము తక్కువైనది.

తల్లిదండ్రులకును పిల్లలకును ఒక మనవి. నిలిచియున్న విమానపు ప్రొపెల్లరును, స్విచ్ కట్టియున్నదని ఎవరు చెప్పినను, చేతితో త్రిప్పరాదు. లోపలి తీగ యొకటి తెగియున్నచో పాతరకపు ఇంజను ఆ చిన్న కదలికకే పేలి తిరుగవచ్చును.

వచ్చే సంచికలోగా ఈ లెక్కలను చేసి మాకు చూపుడు. మన తరగతిగది పంకా వ్యాసము 1.2 మీటర్లు. అది నిమిషమునకు 350 చుట్లు తిరిగినచో కొన వేగమెంత? అదే చుట్లతో తిరిగిన రైట్ సోదరుల ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లరు కొన వేగమెంత? ఒక ప్రొపెల్లరుపై 54–44 అని వ్రాసియున్నది. అది 3,400 చుట్లు తిరిగినపుడు, జారుడు లేదనుకొన్నచో, విమానము గంటకు ఎన్ని కిలోమీటర్లు పోవును? అడుగును 30.5 సెంటీమీటర్లుగాను, అంగుళమును 2.54 సెంటీమీటర్లుగాను తీసికొనుడు.